ఊడి బయటపడిన చీలమండ ఎముకను తిరిగి పెట్టారు, అది చచ్చిపోతుందంటున్నారు. తీసేయించాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ముందు చెబుతాను. మీ తమ్ముడికి 26 ఏళ్ళు, ఇళ్ళకు వైరింగ్ చేసే పని. మూడు వారాల క్రితం రాత్రి మోటారు సైకిల్ మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చింది, బండి జారి డివైడరుకు కొట్టుకుంది. ఎడమ చీలమండ బయటి వైపు చర్మం చీలి, లోపలి టేలస్ ఎముక మొత్తంగా ఊడి రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు దాన్ని తన తువాలులో చుట్టి, మనిషితో పాటు ఆసుపత్రికి చేర్చాడు. అక్కడ ఆ ఎముకను కడిగి తిరిగి లోపల పెట్టారు, పిన్నులు గుచ్చారు, బయట రాడ్ల చట్రం బిగించారు. పోయిన వారం మరో డాక్టరుకు చూపిస్తే, దానికి రక్తం అందదు, చచ్చిపోతుంది, ఇప్పుడే తీసేయిస్తే మేలు అన్నారు. ఇంట్లో సగం మంది అటు, సగం మంది ఇటు. తీయించాలా అన్నది మీ ప్రశ్న. వాడు మళ్ళీ నడుస్తాడా అన్నది మీ భయం.

నేను 28 ఏళ్ళుగా ఎముకల ఆపరేషన్లు చేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం రోడ్డు ప్రమాదాల కేసులే. గాయంలో చీము లేకపోతే, జ్వరం లేకపోతే, ఎముక ముక్కలై ఉండకపోతే, ఇప్పుడు దాన్ని తీయించవద్దు. ఇదే నా జవాబు. ఆ రెండో డాక్టరు చెప్పిన మొదటి మాట చాలావరకు నిజమే, ఆ ఎముకకు రక్తం అందకపోయే అవకాశం ఎక్కువ. రెండో మాటతోనే నేను ఏకీభవించను. ఎముక చచ్చిపోవడం వేరు, అది పనికిరాకుండా పోవడం వేరు. ఈ తేడా తెలియక మంచి ఎముకలను తీయించుకున్నవాళ్ళను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. గాయాన్ని నేను కళ్ళతో చూడలేదు కాబట్టి చివరి నిర్ణయం చూస్తున్న సర్జన్‌దే. ఆయనతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలన్నదే నా ఉద్దేశం.

టేలస్ గురించి కొంత తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మోకాలి కింద రెండు పొడవాటి ఎముకలు ఉంటాయి. వాటి చివరలే చీలమండకు ఇరుపక్కలా బుడిపెల్లా చేతికి తగులుతాయి. ఆ రెండింటి మధ్య, పట్టకారులో పట్టినట్టు కూర్చునేది టేలస్. దాని కింద మడమ ఎముక, ముందు పడవ ఆకారంలో ఒక చిన్న ఎముక. ఒంటి బరువంతా కాలి నుంచి పాదంలోకి దిగేది ఈ ఒక్క ఎముక మీదుగానే. దాని పై కీలులో పాదం పైకీ కిందికీ ఆడుతుంది. కింది కీలులో లోపలికీ బయటికీ ఒరుగుతుంది. చేను గట్టు మీదో కంకర మీదో నడిచేటప్పుడు మనం తూలిపోకుండా ఉన్నామంటే ఆ కింది కీలు చలవే.

ఇంత పని చేసే ఎముకకు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. దాని ఉపరితలంలో దాదాపు 60 శాతం నున్నటి మృదులాస్థి, అంటే కీళ్ళు ఒరుసుకోకుండా జారేలా చేసే మెత్తటి పొర, కప్పి ఉంటుంది, ఆ మృదులాస్థి లోంచి రక్తనాళాలు దూరవు. మిగిలిన కొద్దిపాటి జాగాలోంచే, మెడలాంటి ఇరుకైన భాగం దగ్గరా, మడమ ఎముకకూ దీనికీ మధ్య ఉన్న సన్నని సందులోనూ, లోపలి వైపు లిగమెంటు (ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి నార) పక్కనా సన్నటి నాళాలు లోపలికి వెళతాయి. ఎముక వెనక భాగానికి రక్తం ఎక్కువగా ముందు నుంచి వెనక్కి పారుతుంది. కాలువ కింద శివారు పొలం ఉన్నవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు: పైన ఎక్కడ గండి పడినా ముందు ఎండేది చివరి మడే. టేలస్ వెనక భాగం ఆ చివరి మడి. ఎముక పూర్తిగా ఊడి బయటపడిందంటే కాలువలన్నీ ఒకేసారి తెగినట్టు.

అది ఎలా ఊడుతుంది? పాదం కిందికి వంగి లోపలికి మెలిపడిన క్షణాన ఒంటి బరువూ బండి వేగమూ కలిసి దాని మీద పడతాయి. లిగమెంట్లు వరసగా తెగుతాయి. మొదట టేలస్‌కూ దాని ముందు, కింద ఉన్న ఎముకలకూ మధ్యవి. బలం అంతటితో ఆగితే టేలస్ పట్టకారులోనే ఉంటుంది, దాని కింది పాదం మాత్రం పక్కకు జరుగుతుంది. ఇలాంటి కేసుల్లో పదింట సుమారు ఎనిమిదింటిలో పాదం లోపలికి తిరిగిపోతుంది, చూడడానికి పుట్టుకతో వచ్చే వంకర పాదంలా ఉంటుంది. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటల్లో పైకి ఎగిరి ఇంకొకరి పాదం మీద దిగినవాళ్ళకు ఇది వస్తుంది. బలం ఇంకా మిగిలి ఉంటే పై కీలు లిగమెంట్లూ తెగుతాయి. అప్పుడు టేలస్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. నానిన చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఎగిరినట్టు, ముందుకూ బయటి పక్కకూ ఎగిరి వస్తుంది. అక్కడ చర్మం కింద కొవ్వు, కండ పెద్దగా ఉండవు కాబట్టి చాలాసార్లు చర్మాన్ని చీల్చుకునే వస్తుంది. ఇది చాలా అరుదైన గాయం. నా 28 ఏళ్ళలో పూర్తిగా బయటపడిన టేలస్‌ను చూసింది 11 సార్లు. పీజీ చదివే రోజుల్లో మొదటిసారి దాన్ని అరచేతిలో పట్టుకున్నప్పుడు, ఒక మనిషి నడక మొత్తం ఇంత చిన్న ఎముక మీద ఆధారపడి ఉందా అని చేయి వణికింది.

తీసేయడం అన్న ఆలోచన ఆ డాక్టరుగారిది కాదు, చాలా పాతది. 1608లోనే ఫాబ్రీసియస్ హిల్డానస్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు బయటికి వచ్చిన టేలస్‌ను పూర్తిగా తొలగించిన సంగతి రాసిపెట్టాడు. యాంటీబయాటిక్ మందు అన్న ఊహ కూడా లేని కాలం అది. మట్టి అంటిన ఎముకను లోపల పెడితే చీము పట్టి ప్రాణమే పోయేది, అందుకని తీసేయడమే తెలివైన పని. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు కూలినప్పుడు, పైలట్ పాదాలు ఆనించే చుక్కాని కడ్డీ పాదాన్ని పైకి ఎగదన్ని టేలస్‌ను విరగ్గొట్టేది. గ్రేమ్ ఆండర్సన్ అనే బ్రిటిష్ సర్జన్ 1919లో అలాంటి 18 కేసులను వర్ణించి, వైమానికుల టేలస్ అని దానికి పేరు పెట్టాడు. ఆ పైలట్ల చోట ఇప్పుడు మా వార్డుల్లో మోటారు సైకిళ్ళు నడిపే పిల్లలు పడుకుని ఉంటున్నారు.

కాలం మారింది. ఇప్పుడు గంటలోపు యాంటీబయాటిక్ పడుతుంది, లీటర్ల కొద్దీ సెలైన్‌తో గాయాన్ని కడుగుతాం, చచ్చిన కండనూ చర్మాన్నీ కత్తిరించి తీసేస్తాం, అవసరమైతే 48 గంటల్లో మళ్ళీ తెరిచి కడుగుతాం. 2006లో అమెరికాలోని సియాటిల్ సర్జన్లు తాము తిరిగి పెట్టిన టేలస్‌ల ఫలితాలు ప్రచురించారు. ఏడాది, అంతకుమించి గమనించిన 19 మందిలో ఇన్ఫెక్షన్ వచ్చింది ఇద్దరికే. రోడ్డు మీద పడిన ఎముకను తిరిగి పెట్టడం పిచ్చి పని కాదని చెప్పడానికి ఇది చాలు. ఎముక తన చోట ఉంటే కాలి పొడవు నిలుస్తుంది, పాదం ఆకారం నిలుస్తుంది. రేపు ఏదైనా తేడా వచ్చి కీలు బిగించే ఆపరేషన్ చేయాల్సి వచ్చినా పునాదిగా ఒక ఎముక ఉంటుంది. ఒకసారి తీసేశాక ఆ దారులన్నీ మూసుకుపోతాయి. కాలు రెండు మూడు సెంటీమీటర్లు పొట్టి అవుతుంది, చీలమండ బుడిపెలు కిందికి దిగి చెప్పుకు ఒరుసుకుంటాయి.

మీ తమ్ముడి విషయంలో మొదటి ఆసుపత్రివాళ్ళు చేసింది సరైన పని. వాళ్ళకంటే ముందు ఆ లారీ డ్రైవరు చేసింది ఇంకా గొప్ప పని. ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఇక్కడ కొంచెం ఆగుతాను.

రోడ్డు పక్కన ఇలాంటి గాయం చూస్తే, బయటికి పొడుచుకొచ్చిన ఎముకను లోపలికి నెట్టకండి. పూర్తిగా ఊడిపోయి ఉంటే వెతికి తీసుకోండి, ఒక్క ముక్క కూడా వదలకండి. డెట్టాల్, స్పిరిట్, సబ్బు ఏదీ పోయకండి, గుడ్డతో రుద్దకండి, ఆ నున్నటి పొర రుద్దితే పోతుంది. శుభ్రమైన గుడ్డను సెలైన్‌తో తడిపి అందులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టి, మనిషితో పాటే పంపండి. నేరుగా మంచులో మాత్రం పెట్టకండి. గాయం మీద పసుపు, కాఫీ పొడి, ఇంజను నూనె లాంటివేవీ వద్దు, ఉతికిన బట్ట కప్పి కట్టండి. పాదం ఏ వంకరలో ఉందో ఆ వంకరలోనే దిండుతోనో మందపాటి అట్టతోనో కదలకుండా కట్టండి. ఆడవాళ్ళకైతే మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, అరగంటలో వాచిపోయి అవి కోసుకుంటాయి. తినడానికి ఏమీ పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. 108కి ఫోను చేయండి. పోలీసు కేసు అవుతుందని భయపడి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళకు రక్షణ కల్పిస్తుంది. 2025 మే 5 నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో మొదటి 7 రోజులకు, లక్షన్నర రూపాయల వరకు, డబ్బు కట్టకుండా వైద్యం అందుతుంది.

చర్మం చీలలేదు కదా, తెల్లవారాక చూద్దాం అనుకోవడం మరో ప్రమాదం. చర్మం కిందే తప్పి ఉన్న టేలస్ ఆ చర్మాన్ని లోపలి నుంచి డేరా గుంజలా పైకి నెడుతుంది. చర్మం ముందు తెల్లబడుతుంది, కొన్ని గంటల్లో నల్లబడుతుంది, ఆ తరువాత ఊడిపోతుంది. చాలా ఏళ్ళ క్రితం ఒక కుర్రవాణ్ణి కట్టు కట్టించి అయిదు రోజులు ఇంట్లో ఉంచి తెచ్చారు. చీలమండ బయటి వైపు అరచేయంత చర్మం బొగ్గులా ఉంది. మొదటి రోజు మత్తు ఇచ్చి, మోకాలు వంచి పిక్క కండరాన్ని వదులు చేసి, మడమ పట్టి లాగితే కుదురుకునే అవకాశం ఉన్న కీలు అది. చివరికి మూడు ఆపరేషన్లు, తొడ చర్మం అతుకు అవసరమయ్యాయి. తప్పిన కీలును వెంటనే సర్దాలి. మధ్యలో టెండనో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), చిట్లిన పొరో అడ్డుపడి సర్దుకోకపోతే అప్పుడు తెరిచి చేస్తాం.

ఇప్పుడు మీ అసలు భయం సంగతికి వస్తాను. టేలస్ మెడ దగ్గర విరిగిన కేసులను లీలాండ్ హాకిన్స్ అనే అమెరికన్ సర్జన్ 1970లో మూడు రకాలుగా విడదీశాడు. ఎముక కదలకుండా పగిలితే రక్తం అందక చచ్చిపోయినవి ఒక్కటీ లేవు. కింది కీలు కూడా తప్పిన రకంలో 42 శాతం చచ్చిపోయాయి. పై కీలు, కింది కీలు రెండూ తప్పిన రకంలో 91 శాతం. తరువాతి కాలంలో ఇతరులు రాసిన అంకెలు ఇంతకంటే తక్కువే. మీ తమ్ముడికి ఎముక విరగలేదు కానీ చుట్టూ ఉన్నవన్నీ తెగాయి, కాబట్టి మూడో రకానికి దగ్గరగానే లెక్క వేసుకోవాలి. అందుకే చచ్చిపోతుందన్న మాటను నేను కొట్టిపారేయడం లేదు.

అయితే రక్తం అందని ఎముక కుళ్ళిపోదు. చీము పట్టనంతవరకు చచ్చిన మానులా గట్టిగానే నిలబడి ఉంటుంది. ఎండిన చెట్టు మాను దూలంగా ఇంటి కప్పును మోస్తుంది కదా, అలాగ. తేడా ఏమిటంటే ఇది ఒంట్లో ఉన్న దూలం. చుట్టుపక్కల కణజాలం నుంచి కొత్త నాళాలు మెల్లగా అందులోకి పాకుతాయి. పాత ఎముకను కొంచెం కొంచెం తినేస్తూ కొత్త ఎముకను పరుస్తాయి. దీనికి నెలలు కాదు, రెండు మూడేళ్ళు పడుతుంది. పాతది తినేసి కొత్తది ఇంకా గట్టిపడని మధ్యకాలంలో ఎముక పైకప్పు కుంగే ప్రమాదం ఉంది. కొందరిలో కుంగుతుంది, చాలామందిలో కుంగదు. కల్లుగీత పనిలో తాటిచెట్టు మీద నుంచి పడ్డ ఒక ఆయనకు టేలస్ తిరిగి పెట్టాను. నాలుగేళ్ళపాటు ఎక్స్‌రేలో అది పక్క ఎముకల కంటే తెల్లగా, చచ్చిన ఎముకలాగే కనిపించింది. ఆ నాలుగేళ్ళూ ఆయన నడుస్తూనే ఉన్నాడు. ఉదయం లేవగానే కొంచెం పట్టేస్తుంది, వానాకాలంలో నొప్పి, అంతే. చెట్టు ఎక్కడం మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు.

ఎముకకు రక్తం అందుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది, దాన్ని కూడా హాకిన్స్ పేరుతోనే పిలుస్తాం. గాయమైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చీలమండను ఎదురుగా ఎక్స్‌రే తీస్తే, టేలస్ పైకప్పు కింద సన్నని నల్లని గీత కనిపించవచ్చు. కాలు వాడకుండా పడుకుని ఉంటే బతికున్న ఎముకలో కాల్షియం తగ్గుతుంది, ఎక్స్‌రేలో ఆ చోటు నల్లబడుతుంది. కాల్షియం తరలిపోవాలంటే దాన్ని మోసుకుపోవడానికి రక్తం ఉండాలి. చచ్చిన ఎముకలో రక్తం లేదు కాబట్టి అది పలచబడదు, చుట్టూ ఉన్నవి పలచబడుతుంటే అది ఒక్కటే తెల్లగా మిగులుతుంది. అందువల్ల ఎముక పలచబడిందని రిపోర్టులో రాస్తే కంగారు పడకండి, మీకు అంతకంటే మంచి వార్త లేదు. గీత కొంత భాగంలోనే కనిపించినా ఆ మేరకు రక్తం అందుతున్నట్టే. అసలు కనిపించకపోతే చచ్చిపోయిందని తేల్చేయడానికి అదొక్కటే సరిపోదు, ఎంఆర్‌ఐతో చూడాలి. వేసిన పిన్నులు, స్క్రూలు టైటానియంవా స్టీలువా అని డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. టైటానియం అయితే ఎంఆర్‌ఐ బొమ్మ మెరుగ్గా వస్తుంది.

మూడో వారంలో ఉన్నారు కాబట్టి ఇప్పుడు భయపడాల్సింది చచ్చిన ఎముకకు కాదు, చీముకు. అసలు శత్రువు అదే. సాయంత్రం వేళ జ్వరం, తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరగడం, కుట్ల దగ్గర ఎర్రబడి వేడిగా ఉండడం, పిన్నుల మొదళ్ళలో పసుపు రంగు చీము, దుర్వాసన: వీటిలో ఏది కనిపించినా మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే వెళ్ళండి. పిన్ను చుట్టూ కొద్దిగా నీరులాంటిది ఊరడం మామూలే. లోతైన ఇన్ఫెక్షన్ వచ్చి, రెండు మూడుసార్లు కడిగినా తగ్గకపోతే అప్పుడు మాత్రం ఆ ఎముకను తీసేయక తప్పదు, అప్పుడు నేను కూడా తీయించమనే చెబుతాను. పిక్కలో కొత్తగా వాపు, బిగువు, నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డ కట్టిన గుర్తు కావచ్చు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాదాన్ని గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద ఉంచండి. డాక్టరు వద్దని చెప్పకపోతే కాలి వేళ్ళు, మోకాలు, తుంటి గంటకోసారి కదిలించమనండి.

పథ్యం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళలో ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు పడదని, నెలల తరబడి చారు అన్నంతో సరిపెడతారు. ప్రేమతోనే చేస్తారు, కానీ గాయం మానడానికి కావలసిన సరుకంతా ఆ మాన్పించిన తిండిలోనే ఉంది. కొత్త చర్మం, కొత్త నాళాలు, కొత్త ఎముక అన్నీ మాంసకృత్తులతోనే తయారవుతాయి. మీ తమ్ముడికి రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పెరుగు, తినేవాడైతే చేపో చికెనో పెట్టండి. పప్పు వల్ల చీము పట్టిన గాయాన్ని నేను ఇంతవరకు చూడలేదు, తిండి చాలక మానని గాయాలను వందల్లో చూశాను. సిగరెట్, బీడీ అలవాటు ఉంటే ఈ రోజే ఆపించండి. ఆ పొగలోని నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మనం ఆశ పెట్టుకున్నదంతా ఆ సన్నటి నాళాల మీదే.

మీ మేనమామగారు పుత్తూరు కట్టు కట్టిద్దామని అంటున్నారని రాశారు. తరాలుగా ఉన్న ఆ విద్య మీద జనానికి ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. విరిగిన ఎముక అతుక్కోవాల్సిన చోట కట్టు కడతారు. ఇక్కడ విరిగి అతుక్కోవాల్సిన ఎముక లేదు, రక్తం చేరాల్సిన ఎముక ఉంది. బిగుతు కట్టు ఉన్న కాస్త రక్తాన్నీ ఆపుతుంది. నూనె మర్దన కూడా వద్దు. మేనమామగారికి కోపం రాకుండా ఈ మాట నా పేరు మీద చెప్పండి.

నడక సంగతి. పిన్నులు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలకు తీస్తారు, ఆ తరువాత సిమెంటు కట్టు లేదా బూటు. కాలు నేల మీద మోపకుండా చంక కర్రలతో తిరగడం మొత్తం మీద రెండున్నర, మూడు నెలలు ఉండవచ్చు. ఆ తరువాత బరువును కొద్దికొద్దిగా పెంచుతారు. రక్తం పూర్తిగా అందేదాకా రెండేళ్ళు కాలు మోపకూడదని ఒకప్పుడు అనేవాళ్ళు. అంతకాలం ఆపినందువల్ల ఎముక కుంగకుండా ఉంటుందని రుజువు కాలేదు, కండ కరిగిపోవడం మాత్రం ఖాయం. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే ఇప్పుడే కుర్చీలాంటి కమోడ్ ఏర్పాటు చేయండి. ఆరు నెలలకు ఇంట్లో, వీధిలో సొంతంగా నడుస్తాడని ఆశించవచ్చు. పూర్తి మెరుగుదల తెలియడానికి ఏడాదిన్నర పడుతుంది.

పాత కాలు పాత కాలులా తిరిగి రాదు. కింది కీలు బిగుసుకుపోతుంది. ఎత్తుపల్లాల నేల, దున్నిన పొలం, నిచ్చెన మెట్లు కష్టమవుతాయి. గొంతుకూర్చోవడం సరిగా రాకపోవచ్చు. కొన్నేళ్ళ తరువాత కీళ్ళ అరుగుదల రావచ్చు. వైరింగ్ పనిలో నిచ్చెన ఎక్కడమే ప్రధానం కాబట్టి ఈ ఏడాది ఆ పని మీద లెక్కలు వేసుకోవద్దు. మోటార్ల మరమ్మతు, రీవైండింగ్ లాంటి కూర్చుని చేసే పని వైపు వాడి మనసును ఇప్పటినుంచే మళ్ళించండి. 26 ఏళ్ళవాడు మంచం మీద పడుకుని ఏం ఆలోచిస్తుంటాడో మీకే బాగా తెలుస్తుంది. వాడితో రోజూ కాసేపు కాలు గురించి కాకుండా వేరే సంగతులు మాట్లాడండి.

రేపు ఎముక కుంగి నొప్పి ఎక్కువైతే అప్పుడు మార్గాలు ఉన్నాయి. నొప్పి పుట్టే కీలును బిగించేస్తే కదలిక పోయినా నొప్పి లేకుండా నడవవచ్చు. కింది కీలు ఒక్కటే బిగించాలా, పైదీ కిందిదీ కలిపి మడమ నుంచి పైకి రాడ్డు వేయాలా అన్నది అప్పటి పరిస్థితిని బట్టి ఉంటుంది. రెండో కాలి కొలతలతో లోహపు టేలస్‌ను త్రీడీ ప్రింటింగ్‌లో తయారుచేసి పెట్టే పద్ధతి కూడా వచ్చింది, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఫిబ్రవరిలో దానికి పరిమిత అనుమతి ఇచ్చింది. అయితే అది చచ్చి కుంగిన ఎముకకు బదులుగా పెట్టేది, ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం కాదు.

ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి ఈసారి వెళ్ళినప్పుడు ఇవి అడగండి: ఎముక మీది మృదులాస్థి ఎంతవరకు దెబ్బతింది? ఎక్కడైనా లిగమెంటు పోగు అతుక్కుని మిగిలి ఉందా? పెట్టిన తరువాత సీటీ స్కాన్ తీశారా, లోపల చిన్న ముక్కలు మిగిలాయా? పిన్నులు ఏ తేదీన తీస్తారు? ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఫిల్ములు అన్నిటికీ నకళ్ళు తీసుకోండి, పరిహారం కేసు వేస్తే అక్కడా అవసరమవుతాయి. లిగమెంటు పోగు కొంచెమైనా మిగిలి ఉందని ఆయన అంటే మన ఆశ ఇంకా పెరుగుతుంది.

ఎనిమిదో వారం ఎక్స్‌రే తీశాక, ఎదురుగా తీసిన ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి స్పష్టంగా ఫోటో తీసి, పేరు కనిపించకుండా చెరిపి ఇక్కడ పెట్టండి. ఆ గీత కోసం నేనూ ఎదురుచూస్తుంటాను.